కులం కాలమ్ తీసేస్తే కులం పోతుందా?

హాస్టళ్లకు వెళ్లినా, పల్లెల్లో సభలకు వెళ్లినా డిగ్రీ ముగిస్తున్న మన పిల్లలు ఈమధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. 'అక్కా, బిజినెస్ అనలిటిక్స్‌లో పీజీ చేస్తే బాగుంటుందా? ఏఐ నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా?' అని. ఇరవై ఏళ్ల కిందట ఎంసీఏ గురించి ఇలాగే అడిగేవాళ్లు, అంతకు ముందు బీఈడీ గురించి. దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తున్నాయి. ఉద్యమాల్లో ఉన్న కొందరు మిత్రులు అది కార్పొరేట్ల చదువు, కంపెనీల లాభాలు లెక్కగట్టే చదువు, దాంతో మనకేం పని అంటారు. కన్సల్టెన్సీలవాళ్లేమో చేరితే చాలు జీవితం మారిపోతుందంటారు. మొదటివాళ్లు ఆ చదువులో ఏముందో చూడలేదు. రెండోవాళ్లకు ఫీజు తప్ప మరోటి కనిపించదు. అసలు ఆ తరగతి గదిలో ఏం చెబుతారు, చెప్పేదానిలో కులం ఎక్కడ దూరుతుంది, మనవాళ్లు అక్కడికి వెళ్తే ఏం చూసుకోవాలి అనేవి విడమరిచి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు చదువు సంగతి. మన దేశంలో ఇది విడి చదువుగా నిలబడి పదేళ్లు దాటింది. ఐఐఎం కలకత్తా, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఐటీ ఖరగ్‌పూర్ మూడూ కలిసి 2015లో రెండేళ్ల పీజీ డిప్లొమా మొదలుపెట్టాయి. తర్వాత చాలా సంస్థలు ఆ దారి పట్టాయి. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంబీఏ ఉంది. పేర్లు రకరకాలు, లోపల సరుకు మాత్రం దాదాపు ఒకటే. కొంత స్టాటిస్టిక్స్, కొంత ప్రోగ్రామింగ్, యంత్రం చేత రికార్డుల నుంచి నేర్పించే పద్ధతులు అంటే మెషీన్ లెర్నింగ్, ఆ మీదట వీటన్నిటినీ వ్యాపారంలో వాడడం. ఎవరికి అప్పివ్వాలి, ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఏ సరుకు ఏ పేటలో అమ్ముడుపోతుంది, ఏ ఖాతాదారు మనల్ని వదిలి పోబోతున్నాడు, ఇవీ అక్కడి ప్రశ్నలు.

ఇంత పెద్ద పేర్లున్నా అందులోని మూలసూత్రం మన ఊళ్లో అందరికీ తెలిసిందే. గడిచిన రికార్డు చూసి రాబోయేదాన్ని అంచనా కట్టడం. ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. వయసు, జీతం, చదువు, చిరునామా, ఇదివరకు చేసిన అప్పులు కాలమ్‌లు. చివరన ఒక కాలమ్ ఉంటుంది, అప్పు తీర్చాడా ఎగ్గొట్టాడా అని. దీన్ని టార్గెట్ అంటారు. ఇలాంటి వరసలు వేలూ లక్షలూ చూపిస్తే, ఏ లక్షణాలున్నవాళ్లు తీర్చారు, ఏ లక్షణాలున్నవాళ్లు తీర్చలేదు అనే పోలికలను యంత్రం పట్టుకుంటుంది. రేపు కొత్తగా అప్పుకి వచ్చినవాడి వివరాలు ఇస్తే ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు ఒక గీతకు పైనుంటే అప్పిస్తారు, కిందుంటే ఇవ్వరు. ఆ గీత ఎక్కడ గీయాలనేది యంత్రం చెప్పదు, కంపెనీ చెబుతుంది.

ఒకప్పుడు ఊళ్లో ఏ చేను ఎవరిదో, ఎవరు శిస్తు కట్టారో కరణం రాసేవాడు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవి పోయింది గానీ ఆయన రాసిన రాత పోలేదు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమి పహాణీలో పేరెక్కని కారణంగా తమది కాకుండా పోయిన కుటుంబాలు మాల, మాదిగ వాడల్లో కొల్లలు. రికార్డులో లేనివాడు ఆఫీసు ముందు అసలు లేనట్టే. డేటా చదువుకి ఇంతకన్నా మంచి ఉపోద్ఘాతం మాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించలేదు.

మేం కూర్చున్న ఒక క్లాసులో అప్పుల మోడల్ గురించి చెబుతూ అధ్యాపకుడు 'ఇందులో కులం, మతం కాలమ్‌లు లేవు, కనక ఇది నిష్పక్షపాతం' అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. ఆ చదువంతా నమ్మే మాటే అన్నాడు. చదువుకున్న అగ్రకుల మధ్యతరగతి 'మేం కులం చూడం' అంటుంది కదా, దానికి కంప్యూటర్ రూపం ఇది. మేం అడిగిందల్లా 'ఇంటిపేరు ఉందా సార్? అడ్రసు ఉందా? చదివిన స్కూలు పేరు ఉందా?' అని. ఉన్నాయన్నాడు.

అవి ఉంటే కులం ఉన్నట్టే. మన ఊళ్లలో చిరునామాయే కులం చెబుతుంది. ఎస్సీ కాలనీ, హరిజనవాడ, మాలపల్లి, అంబేద్కర్ నగర్ అని ఆధార్ కార్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. యంత్రానికి ఆ మాటల అర్థం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ అక్షరాలున్న చిరునామాలకు గతంలో ఏం జరిగిందో చూస్తే చాలు. ఇలా ఒకదాని బదులు మరొకటి నిలబడి అదే సమాచారం మోసే కాలమ్‌ను ఆ శాస్త్రంలో ప్రాక్సీ అంటారు. మనం బినామీ అనుకోవచ్చు.

ఈ బినామీ వ్యవహారం బయటపడ్డ ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి అమెజాన్ కంపెనీ ఒక యంత్రాన్ని తయారు చేసుకుంది. అంతకు ముందు పదేళ్లలో కంపెనీకి వచ్చిన దరఖాస్తులను దానికి చూపించారు. అవి ఎక్కువ భాగం మగవాళ్లవి. దాంతో 'మహిళల' అనే మాట కనిపించిన దరఖాస్తులకు, అంటే మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ అని రాసుకున్న వాటికి కూడా, యంత్రం మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. కంపెనీ చివరికి దాన్ని పక్కన పడేసింది. ఈ సంగతి 2018 అక్టోబర్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఇప్పుడు మన పిల్లల బయోడేటాలు గుర్తు చేసుకోండి. 'సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల' అని పదో తరగతి దగ్గర రాసి ఉంటుంది. తెలుగు మీడియం డిగ్రీ ఉంటుంది. తండ్రి జబ్బు పడితే ఏడాది కూలికి పోయిన ఖాళీ ఉంటుంది. ఎంట్రన్స్ ర్యాంకు అడిగే కంపెనీలు ఎందుకు అడుగుతాయో ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలను అడిగితే చెబుతారు. ఆ ర్యాంకు చెబితే రిజర్వేషన్ సీటో కాదో తెలిసిపోతుంది. ఇవన్నీ యంత్రం ముందు పరిచాక ప్రత్యేకంగా కులం కాలమ్ ఎందుకు?

ప్రైవేటు ఉద్యోగాల్లో మనుషులు చేసే ఎంపిక ఎలా ఉంటుందో సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ చేసిన పరిశోధన 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. పత్రికల్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. అలాంటి ఆఫీసుల్లో పోగుపడ్డ రికార్డునే యంత్రానికి పాఠంగా పెడితే అది ఇంకేం నేర్చుకుంటుంది? మనిషి చేసిన వివక్షకి కనీసం మొహం ఉంటుంది, నిలదీయొచ్చు. ఇక్కడ 'సిస్టమ్ రిజెక్ట్ చేసింది' అనే ఒక్క మాట మిగులుతుంది.

అప్పుల విషయంలో దీనికన్నా లోతైన చిక్కు ఒకటుంది. తీర్చాడా లేదా అన్న సమాచారం అప్పు దొరికినవాళ్ల గురించే ఉంటుంది. బ్యాంకు మెట్టు దగ్గరే తిప్పి పంపించినవాడు తీర్చేవాడో కాదో ఎవరికీ తెలియదు, వాడి వరసే పట్టికలో ఉండదు. ఈ చిక్కు ఆ శాస్త్రానికి తెలియనిది కాదు. తిరస్కరించినవాళ్ల గురించి ఊహించి లెక్కగట్టే పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి. కానీ క్లాసులో ఒక గంటలో తేల్చేసే పాఠం అది. మన అమ్మలు వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు, నూటికి ఐదు చొప్పున తెచ్చి, మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి మరీ తీర్చిన అప్పులు ఏ కంప్యూటర్‌లోనూ లేవు. జీవితమంతా బాకీ తీరుస్తూ బతికినవాళ్లకు 'క్రెడిట్ చరిత్ర లేదు' అని రాస్తారు!

నూటికి తొంభై కరెక్ట్ అనే మాటని కూడా కాస్త విప్పి చూడాలి. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. వంద మందిలో తొంభై మంది ఊరివాళ్లు, పది మంది వాడవాళ్లు. యంత్రం ఊరివాళ్లందరి విషయంలో సరిగ్గా చెప్పి, వాడవాళ్ల పది మంది విషయంలోనూ తప్పు చెప్పిందనుకోండి. అయినా దాని ఖచ్చితత్వం తొంభై శాతమే. కంపెనీ సంతోషంగా దాన్ని వాడుకుంటుంది. అందుకే మొత్తం మీద ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఎవరి విషయంలో ఎంత తప్పుతోంది అని అడగాలి. ఇది గణితంలో కష్టమైన ప్రశ్నేం కాదు. అడిగేవాడు గదిలో లేకపోవడమే కష్టం.

ఇక టార్గెట్ సంగతి. దేన్ని కొలుస్తున్నాం అనేది నిర్ణయించుకోవడంలోనే సగం రాజకీయం ఉంది. అమెరికా వైద్యరంగంలో విస్తృతంగా వాడిన ఒక యంత్రం గురించి 2019లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఏ రోగులకు అదనపు సంరక్షణ అవసరమో అది చెప్పాలి. జబ్బుని కొలిచే బదులు ఆ రోగి మీద అయిన వైద్య ఖర్చును టార్గెట్‌గా పెట్టారు. అందులో జాతి కాలమ్ లేదు. కానీ అంతే జబ్బున్న తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతివాళ్ల మీద అయ్యే ఖర్చు తక్కువ. వైద్యం అందడమే తక్కువ కదా. కనక యంత్రం వాళ్లను ఆరోగ్యవంతులుగా లెక్కగట్టింది. ఆ లోపం సరిచేస్తే అదనపు సాయం అందే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు తేల్చారు.

దేన్ని కొలుస్తున్నారు అనే ప్రశ్న మనకు కొత్తది కాదు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో అంబేద్కర్ వేసిందీ అదే. మన దేశంలో కమతాలు మరీ చిన్నవి, అందుకే సేద్యం గిట్టుబాటు కావడం లేదు, వాటిని పెద్దవి చేయాలి అని నిపుణులు గణాంకాలు చూపిస్తుంటే, కమతం గిట్టుబాటుని విస్తీర్ణంతోనే ఎలా కొలుస్తారని ఆయన నిలదీశాడు. భూమికి తగ్గ పెట్టుబడి, పనిముట్లు ఎంత ఉన్నాయన్నది అసలు కొలత అన్నాడు. డేటా చదివే మన పిల్లలు ఆ వ్యాసాన్ని మొదటి పాఠంగా చదవాలని మా కోరిక. యూనివర్సిటీలు పెట్టవు, మనమే పెట్టుకోవాలి.

కంపెనీల కోసం తయారైన ఈ పద్ధతులు కంపెనీల దగ్గరే ఆగిపోతే బాధ కొంత తక్కువ. కానీ అవే ప్రభుత్వ ఆఫీసుల్లోకి వచ్చాయి. రెండు జాబితాల్లోని పేర్లు ఒకే మనిషివా కావా అని పోల్చి తేల్చడం ఈ కోర్సుల్లో ఒక పాఠం. బ్యాంకులు ఒకే ఖాతాదారు రెండు పేర్లతో ఉన్నాడేమో చూడడానికి వాడతాయి. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ అదే పద్ధతితో అనేక శాఖల రికార్డులను కలిపి, ఎవరు రేషన్‌కు అర్హులో కాదో చెప్పింది. చనిపోయిన భర్త పేరును పోలిన మరొకరి కారుని ఆయనకు అంటగట్టి, ఒక పేద ముస్లిం వితంతువుకి కార్డు నిరాకరించిన ఉదంతం 2024 జనవరిలో అల్‌జజీరా కథనంలో వచ్చింది. దానికి ముందే, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలో రద్దయిన 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్డు పోయినవాళ్లు ఎవరై ఉంటారో చెప్పడానికి అనలిటిక్స్ అక్కర్లేదు.

అయితే కులం కాలమ్ పెట్టించాలా? ఇది తేలికగా తేల్చేది కాదు. అప్పిచ్చే యంత్రానికి, ఉద్యోగమిచ్చే యంత్రానికి మన కులం తెలిస్తే ప్రమాదమే. కానీ ఆ కాలమ్ ఎక్కడా లేకపోతే వివక్ష జరిగిందని నిరూపించడానికి దారే లేదు. అమెరికాలో 1978 నుంచి ఉద్యోగ ఎంపికకు ఒక లెక్క ఉంది. ఏ సమూహం ఎంపిక రేటయినా అన్నిటికన్నా ఎక్కువ ఎంపికైన సమూహం రేటులో ఐదింట నాలుగు వంతులకు తగ్గితే అనుమానించాలి. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి ఉద్యోగాల వడపోత యంత్రాలను జాతి, లింగం వారీగా తనిఖీ చేయించి ఫలితం బయటపెట్టాలనే చట్టం అమలవుతోంది. మన దేశంలో ప్రైవేటు కంపెనీని కులం వారీగా లెక్క చెప్పమని అడిగే చట్టం లేదు. పైగా 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో 'కులం లేదా తెగ' ప్రత్యేక రక్షణ ఉండాల్సిన సున్నితమైన సమాచారంగా ఉండేది. 2023లో చట్టం అయ్యేసరికి ఆ తరగతే ఎగిరిపోయింది. మా అభిప్రాయంలో, నిర్ణయం తీసుకునే యంత్రానికి కులం తెలియకూడదు, దాన్ని తనిఖీ చేసే స్వతంత్ర సంస్థకి తెలిసి తీరాలి. ఈ రెంటినీ వేరు చేయడం సాంకేతికంగా సాధ్యమే. దీని మీద మిత్రులు చర్చించాలి.

కాలమ్ పెట్టినా 'ఎస్సీ' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే మరో సగటు తయారవుతుంది. సగటు ఎవరిని మింగుతుందో దండోరా ఉద్యమం 1994 నుంచి చెబుతూ వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది, దానికి గణాంకాల ఆధారం ఉండాలంది. 2025లో తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా చట్టం చేసింది. ఆ పంపకం మీద ఎవరు ఏ పక్షాన ఉన్నా, వాదన మొత్తం పట్టికల మీదే నడిచింది. 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలాక, జస్టిస్ సుదర్శన్ రెడ్డి నాయకత్వంలోని నిపుణుల బృందం కులాల వెనుకబాటుని కొలిచే సూచీ తయారు చేసింది. అనేక కాలమ్‌లను కలిపి ఒక సూచీ ఎలా కడతారో, దేనికి ఎంత బరువు ఇస్తారో బిజినెస్ అనలిటిక్స్ మొదటి ఏడాదిలోనే చెబుతారు. కంపెనీ కోసం నేర్పిన ఆ పనిముట్టుతో మనవాళ్లు ఈ సూచీని పరీక్షించగలరు.

మరి ఆ గదిలోకి మనవాళ్లు ఎలా చేరతారు? కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. ఐసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో రిజర్వేషన్ ఉంది. ఈ కొత్త కోర్సులు ఎక్కువగా పుడుతున్న ప్రైవేటు సంస్థల్లో పరిస్థితి వేరు. 2005 రాజ్యాంగ సవరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్‌కు వీలు కల్పించినా, దాన్ని అమలు చేసే కేంద్ర చట్టం రాలేదు. పాఠం చెప్పేవాళ్ల విషయం ఇంకా దారుణం. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కోసం 2019లో చట్టం వచ్చింది. దాన్నుంచి తమకు మినహాయింపు కావాలని ఐఐఎంలు కేంద్రాన్ని కోరినట్టు పత్రికల్లో చూశాం. వివక్షను యంత్రం ఎలా నేర్చుకుంటుందో చెప్పాల్సిన కుర్చీల్లో ఎవరున్నారో దీన్నిబట్టి ఊహించొచ్చు.

డబ్బు విషయంలో తెలియక వదులుకుంటున్నవి ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, కేంద్రం గుర్తించిన పెద్ద సంస్థల్లో సీటొచ్చిన ఎస్సీ విద్యార్థులకు 'టాప్ క్లాస్' స్కాలర్‌షిప్ ఉంది. సంస్థకి ఇన్నని పరిమితి ఉంటుంది, కాబట్టి చేరిన రోజే అడగాలి. విదేశాలకు వెళ్లేవాళ్లకు తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు వస్తుంది. అది చాలక మిగతాది ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే కుటుంబాలను చూస్తున్నాం. ఏడాది కోర్సుకి బ్రిటన్ వెళ్లేవాళ్లు కన్సల్టెన్సీ మాటని నమ్మకుండా, చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు పని చేయనిస్తారో వీసా నిబంధనల్లోనే చూసుకోవాలి. అవి ఏటేటా బిగుస్తున్నాయి.

లెక్కలంటే భయం వద్దు. డిగ్రీలో ఆర్ట్స్ చదివినవాళ్లు కూడా ఆరు నెలలు కూర్చుంటే సంభావ్యత, రిగ్రెషన్, కాస్త పైథాన్ పట్టుబడతాయి. అసలు అడ్డం ఇంగ్లీషు. దానికి తోడు, మనకిది రాదని బడి నుంచి చెప్పించుకుంటూ వచ్చిన మాట. చేరాక చివరి సెమిస్టర్ ప్రాజెక్టును మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. అందరూ ఆన్‌లైన్ దుకాణాల అమ్మకాల డేటా తీసుకుంటారు, గైడు కూడా అదే ఇస్తాడు. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన రుణాలు, పెట్టుబడుల సర్వే కుటుంబాల స్థాయి డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో అప్పు ఎక్కడ తెచ్చారో, ఎంత వడ్డీకి తెచ్చారో ఉంది. సామాజిక వర్గం కాలమ్ కూడా ఉంది, మాల మాదిగ అని విడిగా లేకపోయినా. ఆ కాలమ్ తీసేసి ఒక మోడల్ కట్టి, తర్వాత దాని తప్పులు ఎవరి మీద ఎక్కువ పడ్డాయో అదే కాలమ్‌తో లెక్క వేయొచ్చు. కంపెనీ డేటా ఎవరూ మనకివ్వరు గానీ, ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేసినవాళ్లు ఫలితాలను తెలుగులో రాసి పంపితే ఈ పత్రికలో అచ్చు వేయిస్తాం.